కారకపోతేనే భయం

విజయనగరంలో ఒక కాలేజీ మూల
సిమెంటు దిమ్మ మీద, ముక్కు పైకెత్తి నిలబెట్టారు దాన్ని.
బస్సు మలుపు తిరిగేసరికి అందరూ రెక్కలు చూస్తారు.
నా చూపు కడుపు కిందకి పోతుంది,
నూనె చుక్క ఏమైనా ఉందేమోనని.

ఇరవై రెండేళ్ళ అలవాటు.
హ్యాంగర్లో అడుగుపెట్టగానే, ఈనిన గేదె పొదుగు చూసుకున్నట్టు,
దాని కింద రేకు పళ్ళెం చూసుకునేవాణ్ణి.
ఎర్రటి హైడ్రాలిక్ నూనె నాలుగు చుక్కలుంటే హాయి.
పళ్ళెం పొడిగా ఉంటేనే గుండె జారేది.
మా పేడాడ సూరన్న అనేవాడు:
"కారతన్నాదంటే లోపల ఇంకా ఉన్నాదనే కదేటి!"

కోనాడ ఒడ్డున చేపలు ఎండేసే ఇంట్లో పుట్టినవాణ్ణి.
ఉప్పు చేపని నిలబెడుతుందని మా అమ్మ చెప్పింది,
అల్యూమినియాన్ని తినేస్తుందని నేవీ చెప్పింది.
రివెట్టు తల కింద దూరి
రంగుని లోపల్నించి పొక్కులు లేపుతుంది, ఆటలమ్మ పోసినట్టు.
అందుకే సముద్రం మీంచి వచ్చిన ప్రతిసారీ స్నానం.
పైలట్ దిగి టీ తాగుతుంటే
మేం మంచినీళ్ళ గొట్టంతో దాని ఒళ్ళు తోమి
ఇంజను చేత పుక్కిలింపించేవాళ్ళం.

దీనికో మొండి రోగం ఉండేది.
నేల మీద ఎన్నిసార్లు చూసినా అన్నీ పచ్చదీపాలే.
పైకెక్కి చలి తగిలిందో లేదో
కుడి చక్రం మూసుకోలేదని ఎర్రదీపం.
డాక్టరు ముందు దగ్గు రాని పిల్లాడు చూడండి, అలగ.
మూడు వారాలు తీగలన్నీ పీకాం, మళ్ళీ కుట్టాం,
ఒకరి మీద ఒకరం అరుచుకున్నాం.
చివరికి ఒక ప్లగ్గులో చీమ తలంత నీటిచుక్క.
పైన గడ్డకట్టి పిన్నుని తోసేది,
కిందకొచ్చి కరిగి, ఏమీ ఎరగనట్టు కూర్చునేది.
అవి మేం కడిగిన నీళ్ళే.

ఇంకో రాత్రి, డ్యూటీ మారే వేళ
టూల్ బోర్డు మీద పది నంబరు సాకెట్టు నీడ ఉంది,
సాకెట్టు లేదు.
పద్నాలుగు విమానాలు ఆగిపోయాయి.
టార్చీలు, అద్దాలు పట్టుకుని
వాటి కడుపుల్లో తలలు పెట్టి తెల్లవార్లూ వెతికాం.
నాలుగున్నరకి కొత్త కుర్రాడొకడు, రాజాం వాడు,
ఏడుస్తూ వచ్చాడు. జేబులోనే ఉంది సార్, రుమాల్లో చుట్టుకుపోయింది.
సూరన్న కొట్టలేదు.
"సెప్పీసినావు. అంతే సాలు" అని టీ పోయించాడు.
రాజాం వాడన్నది అబద్ధం.
ఆ కుర్రాణ్ణి నేనే.

గాలి పీల్చే ఆ నోటికి ఎర్ర మూత వేసి ఉంచేవాళ్ళం.
పిట్ట దూరకూడదు, గుడ్డపీలిక దూరకూడదు.
పొద్దున్నే రన్‌వే మీద వరసగా నడుస్తూ
బియ్యంలో మెరిగలు ఏరినట్టు
రాయీ రప్పా ఏరేవాళ్ళం, నడుములు విరిగేలా.

ఇవాళ మూత లేదు.
బస్సు నెమ్మదించినప్పుడు చూశాను,
గోరింక ఒకటి ఎండుగడ్డి ముక్కున కరుచుకుని
ఆ నోట్లోకి దర్జాగా వెళ్ళిపోయింది, తన ఇంటికి పోయినట్టు.
నా చెయ్యి నన్నడగలేదు.
గొంతుకి అడ్డంగా కోసినట్టు ఊపేసింది:
ఆపు, ఇంజను ఆపు!
కండక్టరు ఈల ఊదాడు. బస్సు ఆగింది.
"దిగుతారేటండీ? బేగి దిగండి."

దిగాను.
మా ఊరు బస్సు వెళ్ళిపోయింది.
దిమ్మ దగ్గరికి పోయి, మోకాలు పట్టేసినా వంగి,
కింద చూశాను.
నాలుగు చుక్కలు.
తెల్లవి. ఒకటింకా పచ్చిగానే ఉంది.