మెకానిక్ కానివాళ్ళు

మోంటెవిడేయో గ్యారేజీవాడు బండి చుట్టూ ఒక్కసారి తిరిగి
కాగితమ్మీద ఒక అంకె వేశాడు.
లెక్కల టీచర్ని కదా, సున్నాలు రెండుసార్లు ఎంచుకున్నాను.
ఆ డబ్బుకి మా ఫ్రాయ్ బెంతోస్‌లో ఇల్లొస్తుంది,
వాకిట్లో నిమ్మచెట్టుతో సహా.

ముప్ఫైనాలుగు నాటి మోరిస్.
రెండు బస్తాల మొక్కజొన్న ఇచ్చి కొన్నాను,
పదేళ్ళుగా అందులో కాపురమున్న కోళ్ళని
ఖాళీ చేయించడానికి ఇంకో బస్తా.
వెనక సీటు కింద ఒక గుడ్డు దొరికింది, ఎన్నేళ్ళదో.
పగలగొట్టి చూసే ధైర్యం ఎవరికీ చాలలేదు.

"మెకానిక్‌ని వెతక్కు," అంది వీధి చివర చేపలమ్మే ఓఫెలియా,
"రేకు తెలిసినవాణ్ణి వెతుకు. కర్ర తెలిసినవాణ్ణి వెతుకు.
కారు సంగతి కారుకి తెలుసు."

రేకు తెలిసినవాడు వాషింగ్టన్ ఒలివేరా.
నలభై ఏళ్ళు మాంసం డబ్బాలకి మూతలు అతికిన మనిషి.
ఫ్యాక్టరీ మూతబడ్డాక ఆ చేతులకి
పొద్దస్తమానం పేకముక్కలే.
తుప్పు తిన్న మడ్‌గార్డ్‌ని వేళ్ళతో తట్టి
పుచ్చకాయ బేరమాడేవాడిలా చెవి ఒగ్గి విన్నాడు.
"ఇదీ డబ్బానే," అన్నాడు,
"కాస్త పెద్దది. లోపల మాంసం మనమే."

కర్ర తెలిసినవాడు శవపేటికలు చేసే ఎలాడియో.
రేకు కింద చెదలు మేసిన చట్రమంతా
మిగులు దేవదారుతో బిగిస్తానన్నాడు,
చావుల్లేని వారాల్లో మాత్రమే.
ఆ చలికాలం ఊరంతా చల్లగా ఉండాలని
రోజూ రెండింతలు మొక్కుకున్నాను.
జులైలో జ్వరాలొచ్చి మూడు వారాలు పనాగిపోతే
దేనికి బాధపడుతున్నానో తెలిసి
నా మొహం నేనే అద్దంలో చూసుకోలేదు.

విరిగిన తలుపు పిడికి అచ్చు పోసింది
కట్టుడు పళ్ళు చేసే మిర్తా.
చిగుళ్ళ కొలత తీసే మైనం మెత్తగా నొక్కి
"నొప్పెడితే చెప్పు" అంది, తలుపుతో.

సీట్లు కుట్టినవాళ్ళు కార్నివాల్ దుస్తుల అన్నదమ్ములు.
సాదా గోధుమరంగు చాలు, తళుకులొద్దు అంటే
తలలూపారు.
నెల తర్వాత, పడిపోయిన చిల్లర కోసం తడుముతుంటే
సీటు అంచు కింద, ఎవరికీ కనపడని చోట
వేళ్ళకి తగిలింది ఒక వరస ఎర్ర తళుకులు.

కూలి సంగతి.
మిర్తాకి వాయిదాలు.
ఎలాడియో మనవరాలికి భిన్నాలు చెప్పాను;
పిల్ల పై అంకెని కిందికీ కింది అంకెని పైకీ తిప్పి
నా ఓపికని సున్నాకి తెచ్చింది.
వాషింగ్టన్ ఎంతడిగినా నోరు విప్పడు.
ఆఖరి రోజు జేబులోంచి మడతలు చిరిగిన చీటీ తీశాడు,
మూసేసిన నెల ఫ్యాక్టరీ ఎగ్గొట్టిన జీతం.
"ఇంత. ఎక్కువొద్దు, తక్కువొద్దు."
ధరలు పెరిగి పెరిగి
ఇప్పుడది ఒక జత బూట్ల ఖరీదు.
లెక్కపెట్టి ఇచ్చాను. లెక్కపెట్టి తీసుకున్నాడు.
చీటీ చించలేదు, మళ్ళీ మడిచి పెట్టుకున్నాడు.

తలుపు మూస్తే కారు తలుపులా మోగదు,
మూత పడ్డట్టు మెత్తగా, మర్యాదగా ఆనుకుంటుంది.
ఎలాడియో తప్పు ఒప్పుకోడు.
"ఎవరూ ఇంతవరకు ఫిర్యాదు చెయ్యలేదే," అంటాడు.

ఆదివారం అందర్నీ ఎక్కించుకుని ఏటి గట్టున వెళ్ళాం.
ఒక్కరూ ఏటిని చూడలేదు.
ఎవరి పని వాళ్ళు వింటూ కూర్చున్నారు.

స్పీడోమీటర్ ముల్లు ఇంకా నలభై దగ్గరే,
ఆగినా నలభై, పరిగెత్తినా నలభై.
మీ ఎరికలో
గోడగడియారాలు విప్పే మనిషి
ఎవరైనా ఉన్నారా?