నాలుగు గళ్ళు

మా బ్రాడీపేటలో అడ్రసు చెప్పడం తేలిక.
నాలుగు బై ఏడు అంటే
నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు.
నిలువు ఒకటి, అడ్డం ఒకటి,
రెండూ కలిసిన గడిలో నా జిరాక్సు కొట్టు.

పదకొండింటికి శౌరయ్య మాస్టారు వస్తారు,
ఇంగ్లీషు పేపర్లో గళ్ళనుడికట్టు మడిచి పట్టుకుని.
"ఒక్క కాపీ. కాస్త పెద్దది చెయ్యమ్మా."
కళ్ళ కోసం కాదట,
అక్షరాలకి గాలాడాలట.

ఫిరంగిపురం మనిషి.
ఎనిమిదేళ్ళు సెమినరీలో లాటిన్ మింగి
తొమ్మిదో ఏడు రేకుపెట్టె పట్టుకుని బయటికొచ్చి
మిర్చి యార్డులో టిక్కీల లెక్కలు రాశారు.
ఎందుకొచ్చారని అడిగితే
తుమ్మేవారట.

"అంత సామ్రాజ్యమమ్మా,
ఇప్పుడు చూడు, మూడు గళ్ళ వాటా ఒకచోట,
నాలుగు గళ్ళ వాటా ఒకచోట,
అద్దెకుంటోంది."
వెలుతురు మూడు గళ్ళు. రాత్రీ మూడే. గుడ్డు నాలుగు.
చక్రవర్తి కోపానికి నల్లసముద్రం ఒడ్డున పడి
ఇంటికి ఉత్తరాలు పద్యాల్లో రాసుకున్న కవి కూడా
నాలుగే గళ్ళు.
ఆ పేరుకి మాత్రం మాస్టారు పెన్ను వాడతారు.

నాకూ కాస్త అబ్బింది.
డు ము వు లు వల్లించిన నోరే కదా.
వాళ్ళకీ మర్మమంతా మాట తోకలోనే.
అమో అంటే ప్రేమిస్తున్నాను.
మరి నేను ఎక్కడుంది మాస్టారూ?
"మన వచ్చానులో ఎక్కడుందో అక్కడే. చివర."
మనం రాస్తే రెండక్షరాలు, వాళ్ళ గళ్ళు మూడు.
మిగిలిన గడిలో ఏం పెట్టాలో
నాకింకా తెలీదు.

నిన్న పదిహేడు నిలువు.
ప్రేమ, రోమనుల క్రియ.
అమత్, అని నింపారు.
అంటే? అన్నాను స్టేప్లరు కొడుతూ.
"ప్రేమిస్తుంది."
మిషను పచ్చవెలుతురు అటునుంచి ఇటు నడిచింది.
ఆ మాటకి ఆడా మగా లేదన్నారు కదా మొన్న,
ప్రేమిస్తాడు అనొచ్చుగా?

మాస్టారు పెన్సిలు చెక్కడం మొదలుపెట్టారు.
దాని ముక్కు బానే ఉంది.
చెక్కి, చెక్కి,
కౌంటరు మీది పొట్టంతా అరచేతిలోకి ఊడ్చుకుని
"తెలుగు ఊరుకోదమ్మా,
ఎవరో చెప్పించిందాకా" అన్నారు.

చిల్లర తీసుకోలేదు.
ఆయన ఇల్లు మూడు బై తొమ్మిది.
చూస్తూనే ఉన్నాను,
తొమ్మిదో అడ్డరోడ్డు దగ్గర తిరగాల్సిన మనిషి
తిరగలేదు,
నిలువుగానే పోయారు.