మిగిలిన వీధులకు

స్టాన్లీ ఆసుపత్రిలో ఆ పిల్ల డాక్టరు
మందుచీటీ వెనక బొమ్మ గీసింది.
ఇది మెదడు, ఇవి సన్నని నాళాలు,
ఇక్కడ పూడింది, ఇక్కడ, ఇదిగో ఇక్కడ కూడా.
పూడినచోట మళ్ళీ తెరిచే మాత్ర లేదమ్మా, అంది.

మా ధనకోటి
ముప్ఫైరెండేళ్ళు పుళియాంతోపులో
మెట్రోవాటర్ వాల్వులు తిప్పిన మనిషి.
చీటీ లాక్కుని, తలకిందులుగా పట్టుకుని
"మెయిన్ లైను బాగానే ఉంది
కొసవీధులకే అందట్లేదు" అన్నాడు.
డాక్టరు పెన్ను ఆగిపోయింది.
నేను నవ్వేశాను, ఆర్నెల్ల తర్వాత.

పొద్దున బీపీ మాత్ర.
మరీ దించకూడదట, దించితే చివరింటికి చుక్క రాదు.
అన్నమయ్యాక ఆస్పిరిన్. రాత్రికి కొవ్వు మాత్ర.
పోయినదాన్ని తెచ్చేవి కావివి,
ఉన్నదాన్ని ఉండమని బతిమాలేవి.

జ్ఞాపకానికని ఇంకోటి రాశారు, డోనెపెజిల్.
ఆ పేరు పలకడం మందులషాపు కుర్రాడు నేర్పాడు.
ఈ జబ్బులో అంతగా పనిచెయ్యకపోవచ్చు, చూద్దాం
అని ఆ పిల్ల ముందే చెప్పింది.
చూశాం.
తిన్నది కక్కుకున్నాడు.
అర్ధరాత్రి లేచి గోడలు తడిమాడు, వాల్వు తాళం ఏదని.
కలలో పట్టాళం మొత్తం మునిగిపోతోందట.
అయినా ఒక మధ్యాహ్నం
నేను కాకరకాయలు తరుగుతుంటే
"తాయారూ, ఉప్పు ఎక్కువేస్తావు నువ్వు" అన్నాడు.
నా పేరు! దాంతోపాటు నా తప్పు కూడా.

మందువల్లనో, ఊరికేనో.

నాడి నలభైనాలుగుకి పడింది. ఆపెయ్యమన్నారు.
మిగిలిన ఏడు మాత్రలూ
పోపుడబ్బా వెనక ఉన్నాయి.
వెయ్యను. పారెయ్యనూ లేను.
ఒక్కోరోజు తీసి లెక్కపెట్టి మళ్ళీ పెడతాను.

మరుపంటే మెల్లగా చీకటిపడడం అనుకునేదాన్ని.
ఇతను మెట్లు దిగుతాడు.
నెలల తరబడి ఒకే మెట్టుమీద నిలబడి
ఒక తెల్లారికి చూస్తే
రెండు మెట్లు కిందున్నాడు,
చొక్కా గుండీల ముందు తెల్లబోయి.

ఇప్పుడు ప్రతి మాత్రకీ అడుగుతాడు,
"ఇది ఏ వీధికి?"
చెప్పకపోతే నోరు తెరవడు.
కన్నికాపురం, అంటాను. మింగుతాడు.
డిమెల్లోస్ రోడ్డు. మింగుతాడు.
నిన్న రాత్రి కొవ్వు మాత్ర చేతిలో పట్టుకుని
ఎంత వెతికినా పేరు తోచలేదు నాకు.

అతనే చెప్పాడు,
నేనెన్నడూ వినని వీధి పేరొకటి.
చెప్పి, మణికట్టు నెమ్మదిగా ఎడమకు తిప్పి,
నీళ్ళ చప్పుడు కోసం
చెవి గోడకానించాడు.