ఎడ్

పదకొండు నెలలు ప్రకటన వేసినా
డబ్బోలో ఒక్కరూ రాలేదట.
నా స్పాన్సర్ కాగితంలో గ్లెనిస్ అదే రాసింది.

మొదటి రోజు సర్టిఫికెట్లు చూడలేదు,
గాలి కొట్టే తొట్టి గట్టు మీద నిలబెట్టి
"వాసన చెప్పు" అంది.
తడిసిన మట్టి, అన్నాను.
బురద బతికే ఉంది.
గుడ్డు కుళ్లిన కంపు కొడితే అప్పుడు పరుగెత్తాలి.
ఆమె నా బూట్ల సైజు అడిగింది.

రాత్రి షిఫ్టులో
రగ్బీ ఆటకు విరామం రాగానే
తెరమీద గీత ఉలిక్కిపడి లేస్తుంది,
ఊరంతా ఒక్కసారే ఫ్లష్ నొక్కినట్టు.
ఎవరు గెలుస్తున్నారో మాత్రం నీళ్లు చెప్పవు.

వీసాకింకా నాలుగు వందల రోజులు.
అందాకా గ్లెనిస్‌కు జలుబు చేసినా
నాకు గుబులే.

చొక్కా మీద కుట్టిన పేరు ఎడ్.
ఏడుకొండలు అనడానికి నోరు తిరగలేదు వాళ్లకి.
ఎటు చూసినా చదునే ఇక్కడ,
ఒక్క కొండ కూడా మిగల్లేదు.