యాభై ఆకుల కట్ట

కళ్లు మూసుకోమన్నాను.
ఎడమ అరచేతిలో ఒకచోట బాల్‌పెన్ను మొన ఆనించి
ఎక్కడో చూపెట్టమన్నాను.
జాడి ఈరుబాయి చూపుడువేలు
గాలిలో కొంతసేపు తిరిగి
మణికట్టు మీద వాలింది.
నేను తాకింది చిటికెన వేలు మొదట్లో.

సిరొంచ ఆసుపత్రి వరండా. చైత్రం ఎండ.
ప్రాణహితలో ఇసుక తేలి ఉంది.

పోయినేడు పన్నెండు అట్టలు మింగింది.
మొదటి గోలీ నాడు ఉచ్చ ఎర్రగా వచ్చిందని
పిల్లనెత్తుకుని పరుగెత్తుకొచ్చింది.
తర్వాత ఒళ్లు నేరేడు రంగుకు తిరిగింది.
రోగం పోయింది, రంగు మెల్లగా పోతుందని చెప్పి
రిజిస్టర్లో గీత కొట్టేశాను.

ఇప్పుడు పాత మచ్చలు మళ్లీ లేచాయి,
పెనం మీద జొన్నరొట్టెలా ఉబ్బి.
మోచేతి వెనక నరం
పచ్చి చింతబరిగెలా చేతికి దొరుకుతోంది.

"చచ్చినయంటివి గదా సారు,
మరి ఇదెవరు?"

చచ్చినవే.
ఇప్పుడు కొట్టేది నీవాళ్లే.
పీనుగుల మీద కలబడుతున్నారు,
నడుమ నరం నలుగుతోంది.

కాసేపు ఆలోచించింది.
నేను చదివిన నాలుగు పేజీల్నీ పక్కకు జరిపి
ఇలా అంది:
"మా జొన్నచేన్ల పంది పడ్డనాడు గిట్లనే.
పంది ఎప్పుడో వాగు దాటింది.
మావోళ్లు తెల్లారెదాంక వడిసెల ఆపలే.
కంకులన్ని రాళ్లకే రాలినయి."

అంతే, ఈరుబాయీ.
ఈ తెల్లగోలీ దేన్నీ చంపదు.
మంచె దిగండ్రా అంటుంది.
పొద్దున్నే, తిన్నాక, ఎనిమిది.
పదిహేను రోజులకు ఆరు. ఆనక నాలుగు.
ఎక్కినంత తొందరగా దిగకూడదు,
నడుమ మానెయ్యకూడదు...

"మంచె ఖాళీగున్నప్పుడు ఇంకోటి వస్తే?"

జవాబుగా నులిపురుగుల మందు ఒకటి చేతిలో పెట్టాను.
దగ్గొస్తే, జ్వరమొస్తే, పుండైతే
ఆ రోజే రమ్మన్నాను.
అంతకన్నా నా దగ్గర లేదు.

ముఖం గుండ్రమైంది. ఆకలి పెరిగింది.
"ఒళ్లు చేసినవ్ బాయీ,
మొగడు మంచిగ చూస్తుండు"
బోరింగు కాడ అన్నారట.
చెబుతూ నవ్వింది.
అతను ఆమె గిన్నె వేరుగా పెట్టి ఏడాది దాటింది.

తునికాకు మొదలైంది.
ఇటు ఒడ్డున డెబ్బై ఆకులకు కట్ట,
అటు ఒడ్డున యాభైకే.
యాభై దాంక వేలు పడతది, ఆపైన జారతది అని
వంతెన దాటి పోయింది,
నాలుగేసి గోలీల పొట్లం కొంగున ముడేసి.

ఆషాఢంలో వచ్చింది. నదికి ఎర్రనీళ్లు.
చెప్పకముందే కళ్లు మూసింది.
మొన ఆనించాను.
చూపుడువేలు తిరిగింది, తిరిగింది,
పెన్నుకు గోరంత ఇవతల ఆగింది.

"గక్కడనే గదా?"

రిజిస్టర్లో గడులు రెండే:
తెలిసింది, తెలియలేదు.
మొన ఇంకా ఆమె చేతిలోనే ఉంది.