చింత స్త్రీలింగం

కందుకూరు కాలేజీ, వృక్షశాస్త్రం ల్యాబు.
మైలుతుత్తం కలిపిన పిండిజిగురు వాసన.
అట్ట మీద చింతరెమ్మ అతికించి కింద రాశాను:
టామరిండస్ ఇండికస్.

అటెండరు శౌరయ్య చీపురు గోడకానించి
వంగి చూశాడు.
"కస్ కాదమ్మే, కా. చింత ఆడది."

రెండేళ్లు సెమినరీలో లాటిన్ చదివి
మూడో ఏడు పొగాకు బ్యారన్ కింద కట్టెలు ఎగదోసిన మనిషి.
ఫాదరు కాలేదు, ప్రత్యయాలు మాత్రం మిగిలిపోయాయి.

"టామరిండస్ మగపేరు గదా?"
"పేరుకేముంది, పంచె కట్టుకోనుంది.
కాయలు కాసేదెవరు మరి?"

డుమువులు వల్లించినట్టు
బల్ల మీద వేలితో తాళం కొడుతూ
ఇండికా, ఇండిచే, ఇండికామ్...
షష్ఠిలో క మెత్తబడి చ అవుతుంది,
నోట్లో పులుపు తగిలినట్టు.
ఒంగోలు కోడెకి ఇండికస్,
నువ్వుగింజకి ఇండికమ్.
అర్థం ఒకటే, ఇండియాది అని.

"బయటోడు పెట్టిన మాటమ్మే అది.
ఇక్కడ పుట్టినోడు చింతని చింతంటాడు,
ఇండియా చింతనడు."

తర్వాతెప్పుడో చదివాను,
టామరిండంటే అరబ్బులకి ఇండియా ఖర్జూరమట.
పేరులో రెండుసార్లు ఇండియా,
చెట్టు పుట్టిందేమో ఆఫ్రికాలో.
అప్పటికి శౌరయ్య లేడు చెబుదామంటే.

మన విశేషణం ఎవరికీ వంగదు.
నల్ల కోడె, నల్ల ఆవు, నల్ల నువ్వులు.
నల్ల నల్లగానే ఉంటుంది.
క్రియ దగ్గరే పట్టుబడతాం:
బండి వచ్చింది, బర్రె వచ్చింది, నాగరత్నం వచ్చింది.
శౌరయ్య ఒక్కడే వచ్చాడు.
ఇరవై ఏళ్ల నాగరత్నానికి, అంటే నాకు,
బండి పక్కన గాక చెట్టు పక్కన
చోటిచ్చే భాష ఒకటుందని తెలిసింది
ఆ మధ్యాహ్నమే.

ఇప్పుడా బీరువా తాళం నా దగ్గరే ఉంది.
అచ్చులో నెల్లూరు జిల్లా అని ఉంటే
కొట్టేసి ప్రకాశం అని రాసింది నేనే.
మొన్న దాన్నీ కొట్టేసి మళ్ళీ నెల్లూరు.
రేపేమంటారో.
ఊరు కదల్లేదు, విభక్తులు మారుతున్నాయి.

చింతాకులన్నీ రాలి అట్ట మీద ఈనె మిగిలింది.
నా కస్ మీద ఎర్రసిరాతో
ఆయన దిద్దిన కా
ఇంకా తడిగా ఉన్నట్టే ఉంది.
వేలు పెట్టి చూశాను.
అంటలేదు.