పొలం కింద గొట్టాలు

మంగళవారం రాత్రులు భోజనశాలలో గిన్నెలు కడిగే షిఫ్టు నాది.
ఆవిరికి కిటికీలు మసకబారిపోతాయి,
చేతులు తడి కాబట్టి ఫోను ముట్టుకోను.
ఆ మూడు గంటలూ లోకం ఏమనుకుంటోందో
నాకు తెలియక్కర్లేదు.

అక్టోబరులో ఒక రాత్రి గ్రిఫిన్ తలుపు తోసుకొచ్చి
తన ఫోను నా మొహానికి ఆనించాడు.
"నువ్వే కదూ, మారిట్?"

నేనే.
పదకొండు సెకన్ల నేను.

సభలో నేను మాట్లాడింది నాలుగు నిమిషాలు.
గ్రంథాలయం మెట్ల మీది కంచు మనిషిని
ఉంచాలా దించాలా అని సభ.
ఆయన చేసిన పాపం ముందు చెప్పాను,
ఏ ఏడు, ఎవరి భూమి, ఎంతకి కాజేశాడు, అన్నీ.
తర్వాత మా పొలం సంగతి ఎత్తాను.
అయోవాలో మా వైపు, నేల కింద మూడడుగుల లోతున
మా ముత్తాత పరిచిన మట్టి గొట్టాలుంటాయి.
పటం ఎలకలు కొట్టేశాయి. పైకి ఏ గుర్తూ లేదు.
వసంతం వానలకి చుట్టుపక్కల చేలు చెరువులైతే
మాది మాత్రం మర్నాటికి ఆరుతుంది,
గొట్టాలున్నాయని తెలిసేది అప్పుడే.
గడ్డపార పట్టినవాళ్లు
ముందొక వానాకాలం ఊరికే నిలబడి చూడాలన్నాను.
"మీకేం తెలుసు, నాకేం తెలుసు,
తొందరపడకండి" అని కూర్చున్నాను.

కత్తెర "మీకేం తెలుసు" దగ్గర ఆగింది.

పొద్దున్న ఒక ఛానెల్లో నేను రాతి గుండెదాన్ని.
సాయంత్రానికి మావాళ్ల ఛానెల్లో వీరనారిని,
వెనక జెండా, కింద ఎర్ర అక్షరాలు.
మావాళ్లేనా వెతికి పూర్తి మాట వేస్తారనుకున్నాను.
తిట్టినవాళ్లూ అక్కడే ఆపారు.
పొగిడినవాళ్లూ అక్కడే ఆపారు.

నాన్న ఫోను చేశాడు, కంబైన్ మీద నుంచే,
రొదలో సగం మాటలు మొక్కజొన్న పొట్టులా ఎగిరిపోతున్నాయి.
"రేడియోలో నీ పేరు చెప్పారు! అందర్నీ కడిగి పారేశావట!"
కడిగింది గిన్నెలే నాన్నా అన్నాను.
నవ్వాడు. వినపడలేదేమో, అయినా నవ్వాడు.

షికాగో నుంచి డియర్డ్ర అనే ఆవిడ పిలిచింది.
శుక్రవారం, ఆరు నిమిషాలు, విమానం ఖర్చు వాళ్లదే.
"నవ్వకు. కోపంగా కనిపించాలి."
గొట్టాల సంగతి చెప్పవచ్చా అంటే
"ఏ గొట్టాలు?" అంది.
రానని అనలేదు నేను.
ఆలోచిస్తానన్నాను.
ఏ కోటు వేసుకోవాలో కూడా ఆలోచించాను, దాచడం దేనికి.

గదిలో ఒడెట్ గోడకి జారబడి చదువుకుంటోంది.
దించాలని చెయ్యెత్తినవాళ్లలో ముందు వరస తనది.
రెండు రోజులుగా మా మధ్య
"లైటు ఆర్పనా?" తప్ప ఇంకో మాట లేదు.
ఆ రాత్రి పుస్తకంలోంచి తలెత్తకుండా అంది:
"నీ నాలుగు నిమిషాలూ విన్నాను.
ఒప్పుకోను, కానీ విన్నాను.
ఒక్కటే అడగాలని.
మీ పొలం ఆరింది సరే,
ఆ నీళ్లు ఎవరి పొలంలోకి పోయాయి?"

నా దగ్గర జవాబు ఉండాలి.
చిన్నప్పట్నుంచీ ఆ గట్ల మీద నడిచినదాన్ని,
గొట్టం నోరు వాగు పక్కన ఎక్కడ తెరుచుకుంటుందో
కళ్లు మూసుకుని చూపిస్తాను.
వాగు దాటి ఎప్పుడూ వెళ్లలేదు.

నా మాట ఇప్పటికీ నాదే.
తవ్వేముందు ఆగండి అనే అంటాను,
ఛానెళ్లు ఎటు లాగినా.
కానీ ఆ ప్రశ్న గొంతులో చేపముల్లు,
నీళ్లు తాగినా దిగలేదు.

తెల్లారి, షికాగో కంటే ముందు ఇంటికే చేశాను.
"వాగుకి అవతల, దిగువన, ఎవరుండేవాళ్లు నాన్నా,
ముత్తాత రోజుల్లో?"

"అదెందుకిప్పుడు?"

ఇంజను ఆపాడు.
వినపడింది.